నాలుగేళ్ల పాపకు, ఎనిమిదేళ్ల బాబుకు ఇంట్లో ఏ పనులు చెప్పవచ్చు?

మిర్యాలగూడ తల్లి (ప్రశ్న):

అందరికీ నమస్కారం. మాది మిర్యాలగూడ. మావారు ఒక రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, నేను ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకొని బట్టలు కుడతాను. బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. పాపకు మొన్న శ్రావణమాసంలో నాలుగేళ్లు నిండాయి, అంగన్‌వాడీకి వెళ్లి వస్తుంది. మా అత్తమ్మ మాతోనే ఉంటారు కానీ మోకాళ్ల నొప్పుల వల్ల వంగి చేసే పనులేవీ చేయలేరు.

పాపతో వచ్చిన చిక్కు ఏమిటంటే ఆమె ప్రతి పనిలోకీ దూరుతుంది. నేను ఊడుస్తుంటే చీపురు లాక్కుంటుంది, జొన్న రొట్టెలు చేస్తుంటే పిండిముద్ద కావాలని మారాం చేస్తుంది, గిన్నెలు తోముతుంటే నల్లా దగ్గరికి వచ్చి గౌను మొత్తం తడుపుకుంటుంది. పొద్దున తొందరలో నేను ఓపిక పట్టలేక "పో, ఆడుకోపో" అని పంపేస్తున్నాను. బాబు సంగతి దీనికి పూర్తిగా తలకిందులు. తిన్న తల్లె తీయమన్నా వినపడనట్టు కూర్చుంటాడు, రెండోసారి చెబితే విసుక్కుంటాడు. వాడు కూడా నాలుగేళ్లప్పుడు పాపలాగే నా కొంగు పట్టుకొని తిరిగేవాడని, అప్పుడు వాడిని కూడా నేనే ఇలాగే పంపేశానని ఈ మధ్య గుర్తుకు వచ్చినప్పటి నుంచి మనసులో ఏదో గుచ్చుకున్నట్టు ఉంది.

ఈ వయసులకు తగిన పనులు ఏవో, ఏవి చెప్పకూడదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పగలరా? మా పక్కింటి వాళ్లు ఒక్కో పనికి ఐదు రూపాయలు ఇస్తూ పిల్లల చేత పనులు చేయిస్తున్నారు, అది మంచిదేనా అన్నది రెండో సందేహం. మూడోది కొంచెం ఇబ్బందైన విషయం. బాబు చేతికి చీపురు ఇచ్చిన రోజున అత్తమ్మ అన్నం సరిగా తినలేదు. మగపిల్లవాడి చేత ఇల్లు ఊడిపిస్తావా అన్నారు. ఆమెను నొప్పించకుండా ఏం చేయాలో తెలియడం లేదు.

నల్లగొండ, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు:

అమ్మా, నేను నల్లగొండ జిల్లాలో ముప్పై రెండేళ్లు ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. మీ ప్రశ్నలోనే సగం జవాబు ఉన్నది. పని చేయాలన్న ఆశ పిల్లలకు రెండు మూడేళ్ల వయసులో, అంటే ఏ పనీ చేతకాని రోజుల్లో, నిండుగా ఉంటుంది. చేతనయ్యే వయసు వచ్చేసరికి మనం వద్దు వద్దంటూ దాన్ని ఆర్పేసి, ఆ తరువాత బద్ధకస్తుడని తిడతాం. కాబట్టి పాపకు కొత్త పనులేవీ వెతకకండి. ఆమె ఇప్పటికే లాక్కుంటున్న పనిలో నుంచి ఆమె చేతికి పట్టేంత ముక్కను విడదీసి ఇవ్వండి.

రొట్టెల దగ్గర నిమ్మకాయంత పిండిముద్ద, చిన్న పీట ఇచ్చి తట్టమనండి. అది రొట్టె ఆకారంలో రాకపోయినా పెనం మీద మీరే కాల్చి ఆమె తల్లెలోనే పెట్టండి. తాను చేసినది తాను తిన్నప్పుడు అది ఆటగా కాక పనిగా ఆమెకు అర్థమవుతుంది. చీపురు విషయంలో తప్పు పాపది కాదు, చీపురు పొడవుది. పాత చీపురు ఒకటి సగానికి కోసి గట్టిగా కట్టి ఇవ్వండి, నేల మీద సుద్దముక్కతో తలుపంత గడి గీసి చెత్త అందులోకి తోయమనండి. గది మొత్తం ఊడ్వమంటే ఆ వయసు పిల్లలకు ఎక్కడ మొదలుపెట్టాలో, ఎప్పుడు అయిపోయినట్టో తెలియదు. మొదలూ చివరా కంటికి కనిపించే పని అయితే నాలుగేళ్ల పిల్ల కూడా చివరిదాకా చేస్తుంది. పుంటికూర ఆకు తెంపడం, చిక్కుడుకాయ ఈనెలు తీయడం, ఇంట్లో ఎందరున్నారో లెక్కపెట్టి అన్ని తల్లెలు, అన్ని గిలాసలు వేయడం, చిన్న చెంబుతో తులసికి నీళ్లు పోయడం, ఆరిన బట్టల్లో ఎవరివి వారికి వేరు చేయడం వంటివన్నీ ఆ కోవలోకే వస్తాయి. ఇంకో నెలలో బతుకమ్మ వస్తున్నది కదా, గునుగు, తంగేడు, బంతి ఏ రంగుకు ఆ రంగు తాంబాళాల్లో వేరు చేసే పని పాపకు అప్పగించి చూడండి. ఒక్కచోట అంతసేపు కూర్చుంటుందని మీరే నమ్మరు.

ఇక బాబు. అతనికి మీరు ఇంతవరకు చెప్పినవి పనులు కావేమోనని నాకు అనుమానం. "ఆ తల్లె తీయి, ఈ చెంబు తెచ్చివ్వు, తలుపు వెయ్యి" అన్నవి పురమాయింపులు. అవి ఎప్పుడు మీద పడతాయో తెలియవు, ఎన్ని చేసినా తరగవు, చేసినందుకు తనది అని చెప్పుకోవడానికి ఏమీ మిగలదు. ఎనిమిదేళ్లవాడికి పురమాయింపు బరువుగానూ, బాధ్యత తేలికగానూ ఉంటుంది. అందుకని ఇంటి పనుల్లో ఒకదాన్ని మొదలు నుంచి చివరిదాకా అతనికే వదిలిపెట్టండి. నాకు బాగా పనిచేసినట్టు తోచినది తాగేనీళ్ల పని. సాయంత్రం సీసాలు కడిగి నింపడం, బిందె మీద మూత ఉందో లేదో చూడడం, నీళ్లు అడుగంటుతున్నాయని పెద్దవాళ్లకు ముందే చెప్పడం, ఇవి మూడూ కలిపి ఒకే పని. ఒకనాడు అతను మరచిపోతే మీరు నింపకండి. రాత్రి భోజనాల దగ్గర నీళ్లు లేవన్న సంగతి అందరికీ తెలియనివ్వండి, కానీ ఎత్తిపొడవకండి.

నీళ్లంటే ఒక మాట చెప్పాలి, ప్రశ్నకు కొంచెం పక్కదైనా. నేను కొన్నేళ్లు మర్రిగూడ వైపు పనిచేశాను. అక్కడ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. ఆ నీళ్లు తాగి ఎముకలు బిగుసుకుపోయి నడుము వంచలేని తాతలు, నాయనమ్మలు ఉన్న ఇళ్ల నుంచి వచ్చే పిల్లలు తరగతిలో తూగుతుండేవారు. వాళ్లు తెల్లవారుజామున లేచి దూరం నుంచి మంచినీళ్లు మోసి బడికి వచ్చేవారు. ఎవరూ వాళ్లకు పని నేర్పాలని పెట్టలేదు, ఇల్లు గడవక పెట్టారు. పని ఎంత మంచిదైనా పిల్లవాడి నిద్రను, బడిని, ఆటను తినేస్తే అది మనం మాట్లాడుకుంటున్న పని కాదు. అందుకే బాబు చేత సీసాలు నింపించండి కానీ క్యాను ఎత్తించకండి. ఇరవై లీటర్ల క్యానులో నీళ్లే ఇరవై కిలోలుంటాయి, ఎనిమిదేళ్ల పిల్లవాడి బరువు సుమారు పాతిక కిలోలు.

పని చూపించేటప్పుడు మాటలు తగ్గించి చేతులు నెమ్మదిగా కదిలించండి. చూడడం, వినడం రెండూ ఒకేసారి చేయడం చిన్నపిల్లలకు కష్టం. పాప మడిచిన టవలును ఆమె చూస్తుండగా విప్పి మళ్లీ మడవకండి, అంచులు కలవకపోతే అలాగే బీరువాలో పెట్టండి. ఇది చెప్పినంత సులువు కాదు. మా ఇంట్లో మా ఆవిడ కంటే నేనే ఈ నియమాన్ని ఎక్కువసార్లు తప్పాను.

పాలమూరు నర్సు:

అక్కా, సార్ చెప్పినవన్నీ బాగున్నాయి. నేను మహబూబ్‌నగర్‌లో పిల్లల వార్డులో పనిచేస్తాను కాబట్టి రెండో వైపు చెబుతాను. మా దగ్గరికి వచ్చే ప్రమాదాల్లో చాలావాటికి కారణం పిల్లలు చేసిన పని కాదు, ఆ పని జరిగే చోట పక్కన ఉన్న వస్తువు. అందుకని ఈ వయసుకు ఈ పని అని అనుకునే ముందు ఆ పని ఎక్కడ జరుగుతుందో ఒకసారి పాప ఎత్తులో కూర్చొని చుట్టూ చూడండి.

మా వైపు పల్లీల ఇళ్లలో చిన్నపిల్లల చేత కాయలు ఒలిపించడం మామూలే. నాలుగైదేళ్లు దాటని పిల్లలకు ఆ పని వద్దు. ఒలుస్తూ ఒకటి నోట్లో వేసుకుంటారు, నవ్వినా ఏడ్చినా గింజ ఊపిరి గొట్టంలోకి పోతుంది. ఒక్కసారిగా వచ్చిన దగ్గు తగ్గిపోతే బయటపడ్డామనుకుంటారు కానీ గింజ లోపలే ఉండి రోజుల తరువాత ఆయాసంతో, నిమోనియాతో తెలుస్తుంది. చింతపండులో గింజలు తీయించేటప్పుడు కూడా ఇదే జాగ్రత్త, వాటిని ముక్కులో, చెవిలో పెట్టుకొని వచ్చిన పిల్లలు లెక్కలేనంత మంది. ఎండుమిరపకాయల తొడిమలు తీసే పని పదేళ్ల లోపు వాళ్లకు అసలు చెప్పవద్దు. ఆ చేతితోనే కళ్లు నలుపుకుంటారు.

నీళ్ల పని పిల్లలకు ఇష్టం, కానీ నీళ్ల దగ్గర ఒంటరిగా వదలకూడదు. బకెట్‌లో జానెడు నీళ్లున్నా తలకిందులుగా పడిన రెండేళ్ల పిల్ల తనంత తాను లేవలేదు. మీ పాప కొంచెం పెద్దదే, అయినా సంపు మూత గట్టిదేనా, దాని మీద బరువు ఉందా అని ఈ రోజే చూసుకోండి. చలికాలంలో బకెట్‌లో హీటర్ కడ్డీ పెట్టే అలవాటు ఉంటే ఆ బకెట్ ఉన్న గదిలో పిల్లలకు ఏ పనీ ఉండకూడదు. వేడి గంజి వంచడం, కుక్కర్ దించడం ఎనిమిదేళ్ల పిల్లలకు కూడా కాదు. మరుగుదొడ్డి కడిగే యాసిడ్, ఫినాయిల్ కూల్‌డ్రింక్ సీసాల్లో పోసి పెట్టుకోవడం మన ఇళ్లలో ఇంకా పోలేదు. సీసాలు నింపే పని బాబుకు ఇచ్చారంటే ఇంట్లో ఏ సీసాలోనూ నీళ్లలా కనిపించే మరో ద్రవం ఉండకూడదన్నమాట. వానాకాలంలో కట్టెల మోపు, పిడకల కుప్ప దగ్గరికి పంపకండి, తేళ్లు అక్కడే ఉంటాయి.

మీది కుట్టుపని కాబట్టి గుండీలు, సూదులు, కత్తెరలు, ఇస్త్రీపెట్టె వేలాడే తీగ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. అయితే అదే గదిలో మంచి పని ఒకటి ఉంది. ఒక అయస్కాంతానికి దారం కట్టి ఇస్తే బాబు సాయంత్రం నేలంతా తిప్పి గుండుసూదులు ఏరగలడు. ఆ తరువాతే పాపను లోపలికి రానిచ్చి గుడ్డపేలికలు సంచిలో వేయమనండి.

చివరగా, ఎవరూ పని అనుకోని పని ఒకటి ఉంది, "చెల్లెను చూస్తుండు" అనడం. ఎనిమిదేళ్ల పిల్లవాడికి ఇంటి మొత్తంలో చెప్పకూడని పని అదే. చెల్లెతో ఆడమనవచ్చు, కథ చెప్పమనవచ్చు, మీరు పక్క గదిలో ఉన్నప్పుడు కాసేపు కూర్చోమనవచ్చు. మీరు బజారుకు వెళ్లి రావడానికి మాత్రం కాదు. ఏదైనా జరిగితే ఆ భారం వాడు జన్మంతా మోయాలి.

మిర్యాలగూడ తల్లి:

సార్‌కు, చెల్లెకు ధన్యవాదాలు. చదివిన వెంటనే లేచి చూశాను. స్నానాల గదిలో యాసిడ్ సీసా సరిగ్గా చెల్లె చెప్పినట్టు కూల్‌డ్రింక్ సీసాలోనే ఉంది, పారబోశాను. పురమాయింపు, బాధ్యత అన్న మాట మావారికి చదివి వినిపిస్తే ఆయన నవ్వి, మిల్లులో తన కష్టం కూడా అదేనన్నారు. డబ్బుల సంగతి, అత్తమ్మ సంగతి ఇంకా మిగిలే ఉన్నాయి. పక్కింటి పిల్లవాడు ఐదు రూపాయల కోసం గిన్నెలు కూడా తోముతున్నాడని మా బాబు వచ్చి చెప్పాడు, తనకూ ఇస్తే చేస్తానంటున్నాడు.

సూర్యాపేట, బీఈడీ కళాశాల అధ్యాపకురాలు:

డబ్బుల ప్రశ్నకు మనస్తత్వ శాస్త్రంలో పాత సమాధానమే ఉంది. 1973లో లెప్పర్, గ్రీన్, నిస్బెట్ అనే ముగ్గురు పరిశోధకులు, బొమ్మలు గీయడం ఇష్టమైన చిన్నపిల్లలను కొన్ని గుంపులుగా చేసి, ఒక గుంపుకు గీస్తే బహుమతి ఇస్తామని ముందే చెప్పారు. తరువాతి రోజుల్లో ఎవరూ ఏమీ ఇవ్వనప్పుడు చూస్తే, బహుమతి కోసం గీసిన పిల్లలే బొమ్మలవైపు తక్కువగా వెళ్లారు. మీ ప్రశ్నకు ఇంకా దగ్గరైనది వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు చేసిన పని. 2006లో వారు ఏడాదిన్నర పిల్లల ముందు బట్టలు ఆరేస్తూ క్లిప్పు జారవిడిచి, అందనట్టు చేయి చాపితే, ఎవరూ అడగకుండానే చాలామంది పిల్లలు వెళ్లి తెచ్చిచ్చారు. 2008లో ఇరవై నెలల పిల్లలతో చేసిన పరీక్షలో, సాయం చేసినందుకు వస్తువు ఇచ్చి ప్రోత్సహించిన పిల్లలు ఆ తరువాత సాయం చేయడం తగ్గించారు. మీ పాప చీపురు లాక్కోవడం ఆ క్లిప్పు తెచ్చివ్వడం లాంటిదే. దానికి ధర కడితే ఆమె మనసులో అది ఇంటి పని నుంచి బేరంలోకి మారుతుంది.

అలాగని పిల్లల చేతికి డబ్బే ఇవ్వవద్దని నేను అనను. తిన్న తల్లె తీయడం, తన పక్క సర్దడం, నీళ్ల సీసాలు నింపడం వంటివి ఇంట్లో ఉన్నందుకు అందరూ చేసేవి, వాటికి డబ్బు లేదు. సంక్రాంతికి ఇల్లంతా దులిపే రోజున అటక మీది సామాను అందిస్తే ఒక పది రూపాయలు ఇవ్వడంలో నష్టం లేదు. బాబుతో ఈ తేడా మాటల్లో చెప్పండి, ఎనిమిదేళ్లకు అర్థమవుతుంది. పక్కింటి వాళ్ల మీద వ్యాఖ్య మాత్రం చేయకండి, అది గోడ దాటి వెళుతుంది.

మీ అత్తమ్మగారి విషయంలో వాదన గెలవదు. మన దేశంలో 2019లో జరిగిన సమయ వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటి పనులు చేసే ఆడవారు రోజుకు సగటున 299 నిమిషాలు, మగవారు 97 నిమిషాలు వాటి మీద గడిపారు. ఈ అంకెలు మీకూ నాకూ ఆలోచించుకోవడానికి పనికివస్తాయి, ఆమెతో చెబితే పనికిరావు. ఆమెకు కల్లం గుర్తు చేయండి. ధాన్యం నూర్చే ముందు కల్లం ఊడ్చి అలికి శుభ్రం చేసిన చేతుల్లో మగవాళ్ల చేతులు లేవా? పెళ్లి పందిట్లో వందల మందికి వండి వడ్డించేది ఎవరు? అంతకంటే మంచి దారి, ఆమెనే గురువును చేయడం. కూర్చున్న చోటి నుంచే పప్పు ఎలా ఏరాలో, చాటలో బియ్యం ఎలా చెరిగితే రాయి వెనక్కు నిలుస్తుందో ఆమెకు తెలిసినంత మీకు తెలియదని నేను అనుకుంటున్నాను. మనవడికి నేర్పమని అడగండి. చీపురును కొన్నాళ్లు పక్కన పెట్టండి. ఏ పనితో మొదలైందన్నది పెద్ద విషయం కాదు, అన్న చేసే పనులు వేరు, చెల్లె చేసేవి వేరు అన్న గీత ఇంట్లో పడకుండా ఉంటే చాలు. నాలుగేళ్ల తరువాత ఆ పాప పన్నెండు పనులు, బాబు రెండు పనులు చేస్తూ కనిపించడం మన ఇళ్లలో జరిగేదే, అదీ ఎవరూ నిర్ణయించకుండానే.

గద్వాల సోదరి:

ఇంతవరకు మాట్లాడినవారంతా పని నేర్పడం గురించి మాట్లాడారు. పని ఎక్కువైన బాల్యం గురించి నేను మాట్లాడాలి, లేకపోతే ఈ చర్చ సగమే అవుతుంది. మా ప్రాంతంలో విత్తనపత్తి సాగు ఎక్కువ. క్రాసింగ్ పని అంటారు, సాయంత్రం పూమొగ్గ విప్పి పుప్పొడి తిత్తులు తీసేసి, మరునాడు పొద్దున మగపువ్వు తెచ్చి దానికి రాయాలి. చిన్న వేళ్లయితే మొగ్గ చెడకుండా తీస్తాయని ఆడపిల్లలను పెట్టేవారు. నేను పదేళ్లప్పుడు ఐదో తరగతి మధ్యలో బడి మాని రెండు పంటకాలాలు ఆ పనికి వెళ్లాను. మా ఇంట్లో ఎవరూ దాన్ని కూలి అనలేదు, "ఇంటికి ఆసరా" అన్నారు. తల్లిదండ్రులు వలస పోతే చిన్నవాళ్లకు వండిపెట్టే పని కూడా నాదే అయ్యింది, దానికైతే ఏ పేరూ లేదు.

పద్నాలుగేళ్ల లోపు పిల్లలను ఏ పనిలోనూ పెట్టకూడదని 2016లో సవరించిన బాలకార్మిక చట్టం చెబుతుంది. బడి వేళల తరువాత, సెలవుల్లో, ప్రమాదం లేని పనుల్లో తన కుటుంబానికి సాయం చేయడాన్ని మాత్రం మినహాయించింది. ఆ మినహాయింపులోనే ఎంతో పని దాగిపోతుంది. బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే అని, బాలకార్మికులను బడికి చేర్చడానికి పనిచేసిన శాంతా సిన్హా గారు ఎందుకు పట్టుబట్టేవారో మా ఊరి ఆడపిల్లలకు విడమరచి చెప్పనక్కరలేదు.

మిర్యాలగూడ అక్కా, మీ ఇంట్లో ఆ భయం లేదని తెలుసు. అయినా ఒక కొలత చెబుతాను. మీకు జ్వరం వచ్చినప్పుడు, గిరాకీ ఎక్కువై రాత్రులు కుట్టవలసి వచ్చినప్పుడు పిల్లల పని పెరుగుతున్నదా అని చూడండి. నాలుగేళ్ల పిల్లకు ఒక విడతకు ఐదు పది నిమిషాలు, ఎనిమిదేళ్ల పిల్లవాడికి రోజుకు ఇరవై నిమిషాలు అనుకుంటే, మీ కష్టకాలంలో కూడా అది అంతే ఉండాలి. మరొకటి, సాయంత్రం ఆటకు వెళ్లే వేళలో ఏ పనీ పెట్టకండి. పొలం ఉన్నవాళ్లు ఇది చదువుతుంటే వారికి ఒక మాట. మేకపిల్లకు ఆకు వేయడం, కోడిగుడ్లు ఏరడం పిల్లలకు పండుగ. మందు కొట్టిన చేనులోకి పంపడం, ఆ బట్టలు, ఆ డబ్బాలు ముట్టించడం మాత్రం ఏ వయసుకూ నేర్పే పని కాదు.

నల్లగొండ, పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు:

గద్వాల చెల్లెమ్మ చెప్పిన కొలతను నేను ముప్పై రెండేళ్లలో మాటల్లో పెట్టలేకపోయాను. నా జవాబులో తాగేనీళ్ల పని సాయంత్రం చేయించమన్నాను. అది ఆట నుంచి వచ్చి కాళ్లు కడుక్కున్న తరువాత అని సవరించుకుంటున్నాను.

మిర్యాలగూడ తల్లి:

దసరా సెలవులు అయిపోయాయి, జరిగింది చెప్పాలని వచ్చాను. పాపకు పొట్టి చీపురు, సుద్దగడి బాగా కుదిరాయి. ఒక్కోరోజు చెత్తను గడిలోకి తోయడానికి బదులు గడిలోని చెత్తను బయటికి ఊడుస్తుంది, అయినా ఊరుకుంటున్నాను. బతుకమ్మ తొమ్మిది రోజులూ పూలు వేరు చేసే పని తనదేనని వాడకట్టంతా చెప్పింది. సద్దుల రోజున తంగేడు తక్కువైందని అందరికంటే ముందు కనిపెట్టింది కూడా ఆమెనే.

బాబుతో మొదటి వారం కష్టమైంది. రెండుసార్లు నీళ్లు లేకుండా భోజనానికి కూర్చున్నాం. రెండోసారి మావారు కోపంతో లేవబోతే నేను కాలితో ఆపాను. మూడో వారం నుంచి క్యాను అడుగంటకముందే చెబుతున్నాడు. సూదులు ఏరే అయస్కాంతం మాత్రం వాడికి పని అనిపించడం లేదు, రోజుకు మూడుసార్లు అడుగుతాడు. ఎన్ని దొరికాయో గోడ మీద గీతలు పెడుతున్నాడు, ఆ గోడకు ఇక సున్నం వేయాలి. డబ్బులు ఇవ్వడం లేదని చెప్పినప్పుడు మూతి ముడిచాడు. మరి నాన్న తన తల్లె ఎందుకు తీయడని అడిగాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. మావారి దగ్గర కూడా లేదు, అప్పటి నుంచి ఆయనే తీసుకుంటున్నారు.

అత్తమ్మతో కల్లం మాట ఎత్తాను. మా మామ కల్లం ఊడ్చే తీరు గురించి ఆమె అరగంట చెప్పారు, చీపురు గురించి మాత్రం ఏమీ అనలేదు. నిన్న తానే మనవడిని పిలిచి మినుములు ఏరడం నేర్పించారు. ఐదు రాళ్లు దొరికాయి. వాటిని ఒక గిన్నెలో పెట్టి, రాత్రి వాళ్ల నాన్న మిల్లు నుంచి వచ్చేదాకా ఇద్దరూ కాపలా కాశారు.